పూలవ్వ నడక

సికింద్రాబాదులో మోండా మార్కెట్టు దగ్గర ఒక బస్తీ ఉంది. ఆ బస్తీలో పూలవ్వను ఎరగని వాళ్ళు లేరు. ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. పూలు అమ్ముతుంది. అందుకే అందరూ పూలవ్వ అంటారు.

పూలవ్వకు 68 ఏళ్ళు. తెల్లారక ముందే లేస్తుంది. పూలు తెస్తుంది. మాలలు కడుతుంది. గంప నెత్తిన పెట్టుకొని గల్లీ గల్లీ తిరుగుతుంది. ఎవరికీ భారం కాకుండా బతుకుతుంది.

అది మాఘ మాసం. పెళ్ళిళ్ళ రోజులు. పూలకు మంచి గిరాకీ ఉంది. అవ్వ తొందర తొందరగా నడుస్తోంది. వెనక నుంచి ఎవరో పిలిచారు.

"ఓ పూలవ్వా! చామంతి మూర ఎంత?"

అవ్వ తల తిప్పింది. ధర చెప్పబోయింది. అంతలో కాలు మోరీ బండ అంచు మీద పడింది. అవ్వ తూలింది. గంప ఒక వైపు, అవ్వ ఒక వైపు పడిపోయారు.

దేవుని దయ. ఎముక విరగలేదు. చెయ్యి బెణికింది. మోకాలు చెక్కుకుపోయింది. పది రోజుల్లో దెబ్బలు మానాయి. కానీ భయం మానలేదు.

"మల్ల పడితే ఎట్ల?" అని అవ్వ రోజూ అనేది. గంప ముట్టలేదు. గడప దాటలేదు. మంచం మీదే కూర్చునేది. కూర్చున్న కొద్దీ కాళ్ళు ఇంకా నీరసపడ్డాయి. లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఒక రోజు కొడుకు అన్నాడు.

"అమ్మా, నువ్వింక ఇంట్లనే ఉండు. పూలు వద్దు. ఈ యేడు లష్కర్ బోనాలకు కూడా రాకు. ఇంటికాడనే మొక్కుకో."

కొడుకు ప్రేమతోనే అన్నాడు. కానీ అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి వచ్చిన యేడు నుంచి ఆమె ఏనాడూ బోనం తప్పలేదు. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు.

కోడలు ఇదంతా చూసింది. ఆమె రాత్రి బడికి పోతుంది. పోయిన యేడే చదవడం నేర్చుకుంది. మరునాడు అత్తను వెంటబెట్టుకొని సర్కారు దవాఖానకు పోయింది. డాక్టరు చూసి, ఒక చీటీ రాసి ఇచ్చాడు. కోడలు గోడల మీద బోర్డులు ఒక్కొక్కటి కూడబలుక్కొని చదివింది. "ఫి-జి-యో-థె-ర-పీ" అన్న బోర్డు ముందు ఆగింది.

"ఇదే అత్తమ్మా. ఈడ నడక నేర్పుతరట" అంది.

"నడక నేర్చుకునే వయసా నాది?" అని అవ్వ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

నడక ఎందుకు ఆగింది?

లోపల వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఉంది. ఆమె అవ్వను ఆ చివర తలుపు దాకా నడవమంది. తానూ పక్కనే నడిచింది. అవ్వ మెల్లగా, బాగానే నడిచింది.

"రాత్రి ఏం కూర తిన్నారవ్వా?" అని డాక్టరమ్మ అడిగింది.

అవ్వ ఆగింది. "సొరకాయ కూర, బిడ్డా" అంది. మళ్ళీ నడిచింది.

"మీకు మనవలు ఎందరు?"

అవ్వ మళ్ళీ ఆగింది. "ఒక్కతే మనవరాలు" అంది.

డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. "చూశావా అమ్మా? మాట్లాడాలంటే అత్తమ్మ నడక ఆపుతోంది. నడిస్తే మాట రావడం లేదు. మాట్లాడితే కాలు సాగడం లేదు" అంది.

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. చామంతి మూర ఎంత అని అడిగినప్పుడే అత్త పడింది.

ఈ సంగతి ఇంతకు ముందే కొందరు గమనించారు. స్వీడన్ అనే దేశం ఉంది. అక్కడి పరిశోధకులు 58 మంది ముసలివాళ్ళను పరీక్ష చేశారు. వాళ్ళు నడుస్తూ ఉండగా మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపారు. తర్వాత ఆరు నెలలు అందరినీ గమనించారు. ఆ 12 మందిలో 10 మంది ఎక్కడో ఒకచోట పడ్డారు. ఈ విషయం 1997లో అచ్చయింది.

నిలకడ అంటే ఏమిటి?

తూలకుండా నిలబడడం, నడవడం ఒక శక్తి. దాన్ని నిలకడ అంటాం. కొందరు బ్యాలెన్సు అంటారు. నిలకడకు మూడు సాయం చేస్తాయి.

ఒకటి, కళ్ళు. దారి ఎలా ఉందో చూస్తాయి.

రెండు, కాళ్ళు. నేల మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, వాలుగా ఉందా అని అరికాలు చెబుతుంది. పిక్కలు, తొడలు ఒంటిని నిలబెడతాయి.

మూడు, చెవులు. చెవి వినడానికే కాదు. చెవి లోపల సన్నని గొట్టాలు ఉన్నాయి. వాటిలో నీరు వంటిది ఉంటుంది. తల తిప్పితే అది కదులుతుంది. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడారు కదా? గిర్రున తిరిగి ఆగితే లోకమంతా తిరిగినట్టు ఉండేది. మనం ఆగినా ఆ నీరు వెంటనే ఆగదు. అందుకే అలా ఉంటుంది.

ఈ మూడింటి కబుర్లు మెదడుకు చేరతాయి. మెదడు వాటిని కలిపి చూసి, కాలు ఎక్కడ వేయాలో చెబుతుంది.

వయసులో ఉన్నప్పుడు ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. వయసు పెరిగితే కళ్ళు మసకబారతాయి. కండ బలం తగ్గుతుంది. కొందరికి షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారతాయి. అప్పుడు ప్రతి అడుగుకూ మెదడు ఎక్కువ ధ్యాస పెట్టాలి.

వంటింట్లో చూడండి. ఒక పొయ్యి మీద పాలు ఉన్నాయి. ఇంకో పొయ్యి మీద కూర ఉంది. అలవాటు ఉన్న ఇల్లాలు రెండూ చూసుకుంటుంది. ధ్యాస కూర మీదే ఉంటే పాలు పొంగిపోతాయి. నడకా మాటా కూడా అంతే. ధ్యాస అంతా మాట మీదికి పోతే కాలు తప్పుతుంది.

"అయితే మాట్లాడకుండా నడిస్తే సరిపోదా?" అని కోడలు అడిగింది.

"కొత్త చోట, రద్దీలో అలాగే నడవాలి. కానీ బజారులో ఎప్పుడూ అలా కుదురుతుందా?" అంది డాక్టరమ్మ. "ఆటో హారన్ కొడుతుంది. ఎవరో పిలుస్తారు. చిల్లర లెక్క చూసుకోవాలి. అందుకే కాళ్ళకు పని చెప్పాలి. మెదడుకూ పని చెప్పాలి. తర్వాత రెండింటికీ కలిపి చెప్పాలి. మెల్లమెల్లగా అలవాటు చేయాలి."

మూడు మెట్లు

డాక్టరమ్మ మూడు మెట్లు నేర్పింది. ఒక మెట్టు బాగా వచ్చాకనే ఇంకో మెట్టుకు పోవాలని చెప్పింది.

మొదటి మెట్టు: కాళ్ళకు పని

1. గట్టి కుర్చీ మీద కూర్చోవాలి. చేతులు ఆనించకుండా లేవాలి. మళ్ళీ కూర్చోవాలి. ఇలా 10 సార్లు. మొదట్లో చేతులు ఆనించినా తప్పు లేదు.

2. గోడ పట్టుకొని నిలబడాలి. మడమలు పైకి ఎత్తాలి. మెల్లగా దించాలి. 10 సార్లు.

3. గోడ పట్టుకొని ఒంటి కాలి మీద నిలబడాలి. 10 లెక్కపెట్టే దాకా ఉండాలి. తర్వాత రెండో కాలు.

4. గోడ పక్కన సుద్దముక్కతో నేల మీద గీత గీయాలి. ఆ గీత మీద నడవాలి. ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ తగలాలి. 10 అడుగులు వేయాలి. చెయ్యి గోడకు దగ్గరగా ఉండాలి.

రెండో మెట్టు: మెదడుకు పని

ఇవి కూర్చొనే చేయాలి.

1. 20 నుంచి 1 దాకా వెనక్కి లెక్కపెట్టాలి.

2. వారాల పేర్లు వెనక నుంచి చెప్పాలి. శనివారం, శుక్రవారం, గురువారం, ఇలా.

3. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పాలి. "క" అంటే కల, కడవ, కలం, కమలం.

4. నోటి లెక్క చేయాలి. చామంతి మూర 30 రూపాయలు. రెండు మూరలు తీసుకొని 100 రూపాయల నోటు ఇచ్చారు. తిరిగి ఎంత ఇవ్వాలి?

మూడో మెట్టు: రెండూ కలిపి

1. మడమలు ఎత్తి దించుతూ వారాల పేర్లు వెనక నుంచి చెప్పాలి.

2. గీత మీద నడుస్తూ 20 నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

3. గదిలో నడవాలి. ఇంకొకరు చప్పట్లు కొట్టాలి. ఒక చప్పట్టుకు ఆగాలి. రెండు చప్పట్లకు మెల్లగా వెనక్కి తిరగాలి.

4. గ్లాసులో సగం చల్లని నీళ్ళు పట్టుకొని నడవాలి. నడుస్తూనే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. స్టీలు గ్లాసు మంచిది. నీళ్ళు ఒలికితే వెంటనే తుడవాలి.

రోజుకు 20 నిమిషాలు చాలు. 65 ఏళ్ళు దాటినవాళ్ళు వారానికి కనీసం 3 రోజులు నిలకడకు, బలానికి పనికివచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

మనవరాలు పంతులమ్మ అయింది

ఉగాది నాడు అవ్వ మొదలుపెట్టింది. మొదటి రెండు మెట్లు ఒక నెలలో వచ్చాయి. మూడో మెట్టు దగ్గర తిప్పలు వచ్చాయి.

బడి నుంచి రాగానే మనవరాలు సుద్దముక్క పట్టుకునేది. గీత గీసేది. అవ్వ గీత మీద నడుస్తూ లెక్కపెట్టేది.

"ఇరవై, పందొమ్మిది, పద్దెనిమిది... పద్నాలుగు, పదమూడు, పదకొండు..."

"తప్పు నానమ్మా! పన్నెండు మరిచినవ్!"

అవ్వ పన్నెండు కోసం వెతికేసరికి కాలు గీత దాటిపోయేది. కోడలు పక్కనే ఉండి చెయ్యి అందించేది. మనవరాలు కిలకిల నవ్వేది.

"నవ్వకే పోరీ! నువ్వు నడువు చూస్త" అని అవ్వ కసిరేది. తర్వాత తనే నవ్వేది.

తప్పు వస్తే సిగ్గుపడవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. తప్పు వచ్చిందంటే మెదడుకు పని తగులుతోందని అర్థం. అప్పుడు వేగం తగ్గించాలి. కాలు ముందు, లెక్క తర్వాత. లెక్క తప్పితే నష్టం లేదు. కాలు తప్పితేనే నష్టం.

కొడుకు మొదట నమ్మలేదు. "లెక్కలు చెప్తె కాళ్ళు గట్టిపడతయా?" అన్నాడు. ఒక సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి తల్లి వాకిట్లో నడుస్తోంది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. నోట "మ" తో మొదలయ్యే మాటలు వస్తున్నాయి. మల్లె, మరువం, మందారం, మాల. అతను ఏమీ అనలేదు. వాకిట్లో లేచి ఉన్న బండను సరిచేసి సిమెంటు పూశాడు.

ఆటా పాటా కూడా వ్యాయామమే

స్విట్జర్లాండు అనే దేశంలో జెనీవా నగరం ఉంది. అక్కడ జాక్ డాల్‌క్రోజ్ అనే సంగీతం పంతులు ఒక పద్ధతి నేర్పాడు. పాటకు తగినట్టు అడుగు వేయాలి. పాట మారితే అడుగు మార్చాలి. చెవి, మెదడు, కాలు మూడూ కలిసి పనిచేయాలి. అది వంద ఏళ్ళ కిందటి మాట.

తర్వాత అక్కడి డాక్టర్లు ఈ పద్ధతిని 65 ఏళ్ళు దాటిన 134 మందితో పరీక్షించారు. వీళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు చేశారు. చేసినవాళ్ళలో పడడం సుమారు సగానికి తగ్గింది. ఈ విషయం 2011లో అచ్చయింది.

ఇది చదివితే మనకు ఏం గుర్తొస్తుంది? బతుకమ్మ గుర్తొస్తుంది. బతుకమ్మ చుట్టూ గుండ్రంగా తిరుగుతాం. వంగి చప్పట్లు కొడతాం. లేచి అడుగు వేస్తాం. ఒకరు పాట ఎత్తుకుంటే అందరం అందుకుంటాం. పాట మరవకూడదు. అడుగు తప్పకూడదు. పక్కవాళ్ళను తగలకూడదు. ఒంటికీ మెదడుకూ ఒకేసారి పని.

అయితే బతుకమ్మ 9 రోజుల పండుగ. కాళ్ళు ఏడాదంతా నడవాలి. అందుకే పాటతో అడుగు వేయడం మిగతా రోజుల్లోనూ చేయవచ్చు. బస్తీలో నలుగురు అవ్వలు కలిసినా చాలు. ఒకరిని చూసి ఒకరు చేస్తారు. మధ్యలో మానరు.

ఇంట్లో జాగ్రత్తలు

వ్యాయామం ఒక్కటే చాలదు. ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది కిందపడి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో 60 ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. అందుకే ఇంట్లో ఇవి చూసుకోవాలి.

స్నానాల గదిలో పాకుడు, నీళ్ళు ఉండకూడదు. గోడకు గట్టి కడ్డీ పెట్టించాలి. రాత్రి లేచే దారిలో లైటు ఉండాలి. అరిగిన చెప్పులు, వదులు చెప్పులు వాడకూడదు. చీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడకుండా కట్టుకోవాలి. పడక మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. కాసేపు కూర్చొని లేవాలి. కళ్ళు పరీక్ష చేయించుకోవాలి. మందులు వాడేవాళ్ళకు తల తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి. మందు సొంతంగా ఆపకూడదు.

తల తిరిగే జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడిగి వ్యాయామం మొదలుపెట్టాలి. ఇటీవల పడినవాళ్ళు కూడా అడగాలి. చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే ఆపాలి.

ఎవరైనా పడితే గబుక్కున లేపకూడదు. తుంటి నొప్పి ఉందా, కాలు కదులుతోందా అని అడగాలి. లేవలేకపోతే 108 కు ఫోన్ చేయాలి. ముసలివాళ్ళకు ఏ సాయం కావాలన్నా 14567 అనే నంబరు ఉంది. దానికి డబ్బు కట్టనక్కర లేదు.

లష్కర్ బోనాలు

ఆషాఢం వచ్చింది. సికింద్రాబాదును పాతవాళ్ళు లష్కర్ అంటారు. లష్కర్ బోనాలంటే ఉజ్జయిని మహంకాళి గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

అవ్వ మళ్ళీ దవాఖానకు పోయింది. డాక్టరమ్మ ఆమెను నడిపించింది. నడుస్తుండగా అడిగింది.

"ఏం కూర తిన్నారవ్వా?"

"బెండకాయ పులుసు" అంది అవ్వ. కాలు ఆగలేదు.

"బోనాలకు పోవచ్చు. కానీ ఈ యేడు నెత్తిన బరువు వద్దు. రద్దీ కాక ముందే పోయి రండి" అని డాక్టరమ్మ చెప్పింది.

అవ్వ కొంచెం చిన్నబుచ్చుకుంది. తర్వాత తల ఊపింది.

బోనాల ఆదివారం. ఇంకా చీకటి పూర్తిగా పోలేదు. అవ్వ కొత్త కుండకు పసుపు రాసింది. బొట్టు పెట్టింది. వేపాకు కట్టింది. దీపం వెలిగించింది. బోనం తన చేతులతో ఎత్తి కోడలి నెత్తిన పెట్టింది.

"నడుమ నిటారుగ పెట్టు. చూపు ముందట పెట్టు. తొందరపడకు" అని చెప్పింది.

కోడలు ముందు నడిచింది. వెనక అవ్వ, మనవరాలు నడిచారు. కొడుకు తల్లి పక్కనే ఉన్నాడు. చెయ్యి పట్టుకోబోయాడు. అవ్వ వద్దంది. దూరంగా డప్పులు మోగుతున్నాయి.

గల్లీ మలుపులో ఒక ఇంటి తలుపు తెరుచుకుంది.

"ఓ పూలవ్వా! ఎన్నాళ్ళకు కనబడ్డవ్! చామంతి మూర ఎంత?"

కొడుకు గుండె ఝల్లుమంది. తల్లి వైపు చూశాడు.

అవ్వ ముందు కాలు చూసుకొని మోరీ బండ దాటింది. తర్వాత జవాబు చెప్పింది.

"ఇయ్యాల అమ్మకం లేదు. ఎల్లుండి గంప దెస్త. మూర ముప్ఫై!"

చెబుతూనే నడిచింది.

ప్రశ్నలకు జవాబులు చెప్పండి

1. పూలవ్వ ఎప్పుడు, ఎలా పడింది?
2. పడ్డాక మంచం మీదే కూర్చుంటే ఆమె కాళ్ళు ఏమయ్యాయి?
3. నడుస్తున్నప్పుడు డాక్టరమ్మ కూర సంగతి ఎందుకు అడిగింది?
4. నిలకడకు సాయం చేసే మూడు ఏవి?
5. నడుస్తూ లెక్కపెట్టేటప్పుడు తప్పు వస్తే ఏం చేయాలి?

ఖాళీలు నింపండి

1. పడినవాళ్ళు లేవలేకపోతే ______ నంబరుకు ఫోన్ చేయాలి.
2. సికింద్రాబాదును పాతవాళ్ళు ______ అంటారు.
3. బతుకమ్మ ______ రోజుల పండుగ.

లెక్క చేయండి

చామంతి మూర 30 రూపాయలు. పూలవ్వ 8 మూరలు అమ్మింది. ఎంత వచ్చింది?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో 60 ఏళ్ళు దాటినవాళ్ళు ఎవరు? వాళ్ళు ఎప్పుడైనా పడ్డారా? ఎక్కడ పడ్డారు? ఆ చోట ఏం మార్చాలి? రాత్రి బడిలో అందరూ చెప్పుకోండి.

చేసి చూడండి

ఈ పాఠాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళతో మెల్లగా నడవండి. చెయ్యి అందేంత దగ్గరగా ఉండండి. నడుస్తుండగా ఒక చిన్న ప్రశ్న అడగండి. నడక ఆగిందా, సాగిందా? మీ పలక మీద రాయండి.